రైల్వే కొలువు వదిలిన పింగళి, నిర్మాతలు వదులుకోని పింగళి

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ పేరు తెలుగు వార్తల్లో కొద్దిరోజులు వినిపించి సద్దుమణిగింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి రైలు పట్టాల వెంట వెళ్ళి, అక్కడే ఇళ్ళు కట్టుకుని, మూడు నాలుగు తరాలుగా ఉంటున్నవాళ్ళ ఊరది. ఆ ఊరి రైల్వే వర్క్‌షాపులో నూరేళ్ళ కిందట పనిచేసి, స్థిరమైన కొలువు కాదనుకుని వచ్చేసిన ఒక కుర్రవాడే తర్వాత రోజుల్లో వీరతాడు, గింబళి, తస్మదీయులు వంటి మాటలను తెలుగువాళ్ళ నోట పెట్టాడన్న సంగతి మాత్రం ఇప్పటికీ పెద్దగా ప్రచారంలో లేదు. ఆయన పింగళి నాగేంద్రరావు. పాతాళభైరవి, మాయాబజార్, జగదేకవీరుని కథ చిత్రాల రచయిత.

పింగళి గురించి మాట్లాడేటప్పుడు ఎవరైనా ఆయన మాటల గారడీ గురించే మాట్లాడతారు. అది న్యాయమే. కానీ జీతం లేకుండా, ఒప్పందాన్ని నమ్ముకుని, ఇంకొకరి డబ్బుతో ఇంకొకరి కోసం రాసి బతికేవాళ్ళకు ఆయన జీవితంలో వేరే ఆసక్తి ఉంది. ఇవాళ ఫ్రీలాన్సర్ అంటున్న మనిషిని ఆనాటి మద్రాసులో సినీ రచయిత అనేవారు. పని ఇచ్చినవాడు ఎందుకు మళ్ళీ రాడు, ఎందుకు మళ్ళీ వస్తాడు అన్న ప్రశ్నకు ఆ ఊళ్ళో దొరికినన్ని జవాబులు మరోచోట దొరకవు.

రాజాం, బందరు, ఖరగ్‌పూర్

పింగళి 1901 డిసెంబరు 29న బొబ్బిలికి దగ్గరలోని రాజాంలో పుట్టారు. నిన్నమొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 పునర్విభజనతో విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. పెరిగింది మాత్రం కృష్ణా జిల్లా బందరులో. అక్కడ కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య వంటివారు జాతీయోద్యమ స్ఫూర్తితో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల ఉండేది. సర్కారు కొలువుల కోసం గుమాస్తాలను తయారుచేసే చదువు కాకుండా చేతిపని నేర్పే చదువు ఇవ్వాలన్నది దాని సంకల్పం. పింగళి అందులో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. కవి కావలసినవాడు యంత్రాలు చదవడం వింతగా కనిపిస్తుంది గానీ, తర్వాత ఆయన చేసిన పని చూస్తే అంత వింత కాదనిపిస్తుంది. ఆయన కథల్లో ఒక మర మరో మరలో పట్టినట్టు సన్నివేశాలు అమరుతాయి.

ఆ చదువుతో తెలుగు కుర్రవాడు ఉద్యోగం కోసం ఖరగ్‌పూర్ వెళ్ళడం ఆ రోజుల్లో సహజమే. 1890ల్లో వేసిన తూర్పుతీర రైలుమార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. దాంతో ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల నుంచి కలకత్తా వైపు ఒక దారి తెరుచుకుంది. కలకత్తాకు ఇవతల, మిద్నాపూర్ జిల్లాలోని ఎర్రమట్టి నేల మీద, ఆ కంపెనీ పెద్ద జంక్షనూ, దాన్ని అంటిపెట్టుకుని ఇంజన్లనూ పెట్టెలనూ బాగుచేసే భారీ వర్క్‌షాపూ కట్టింది. కరువు వచ్చినప్పుడల్లా, అప్పు పెరిగినప్పుడల్లా ఆ రైలెక్కినవాళ్ళు ఎందరో. కంపెనీ క్వార్టరు, నెల జీతం, రైలు పాసు. పల్లె నుంచి వెళ్ళినవాడికి అంతకంటే భద్రమైన బతుకు ఊహకు అందేది కాదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగింపుకు వస్తున్న రోజుల్లో పింగళి ఆ వర్క్‌షాపులో చేరారు. అక్కడ గడిపింది దాదాపు రెండేళ్ళు. ఆ కాలం దేశమంతటా ధరలు మండి, కార్మికులు సంఘాలు కట్టుకుంటున్న కాలం. ఖరగ్‌పూర్‌లో పింగళి కార్మిక సంఘ కార్యదర్శి అయ్యారు. ఇంకొన్నేళ్ళకు, 1927లో, అదే వర్క్‌షాపులో పెద్ద సమ్మె జరిగింది. ఆ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించినవారిలో బరంపురం తెలుగువాడు వి.వి. గిరి ఉన్నారు. పింగళి అప్పటికి ఆ ఊళ్ళో లేరు. స్వాతంత్ర్యోద్యమం వైపు మనసు లాగితే, రైల్వే కొలువుకూ దానికీ పొసగదని తేలితే, ఆయన కొలువునే వదిలేశారు.

ఇక్కడ ఒక క్షణం ఆగి చూడాలి. ఇరవై ఏళ్ళు దాటీ దాటని మనిషి, వెనక ఆస్తిపాస్తులు లేనివాడు, నెల జీతం చేతులారా వదులుకున్నాడు. తర్వాత యాభై ఏళ్ళు ఆయన బతుకంతా ఇంకొకరు పిలిస్తే దొరికే పని మీదే నడిచింది. ఇలాంటి నిర్ణయం తీసుకున్న వందమందిలో తొంభైమంది పేర్లు ఎవరికీ గుర్తుండవు.

బెంగాల్ నుంచి ఆయన వెంట వచ్చింది ఒకటుంది. అది భాష. తిరిగి వచ్చాక ద్విజేంద్రలాల్ రాయ్ నాటకాలు మేవాడ్ పతన్, పాషాణి తెలుగు చేశారు. బందరులో ముట్నూరి కృష్ణారావు నడిపే కృష్ణాపత్రిక ఆయన రాతకు చోటిచ్చింది. 1923 నాటికి సొంత నాటకం జేబున్నీసా వచ్చింది. 1920ల చివరికి వింధ్యరాణి, నా రాజు వచ్చాయి. నడుమ జాతీయ కాంగ్రెసు పనిలో తిరగడం, జన్మభూమి అనే పుస్తకం రాసి పోలీసుల దృష్టిలో పడడం కూడా జరిగాయి. అయితే ఉద్యమం కన్నా రంగస్థలమే ఆయన్ను ఎక్కువ కాలం పట్టి ఉంచింది.

బల్లకు రెండు వైపులా

బందరులో దేవరకొండ వెంకట సుబ్బారావు నడిపిన ఇండియన్ డ్రమెటిక్ కంపెనీలో పింగళి రచయితగా, కార్యదర్శిగా రెండు దశాబ్దాలకు పైగా ఉన్నారు. సినిమా చరిత్రలు రాసేవాళ్ళు ఈ కాలాన్ని రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. నిజానికి ఆయన్ను తయారుచేసింది ఈ కాలమే.

నాటక కంపెనీ రచయిత ఏకాంతంలో రాసుకునే కవి కాదు. ఎవరు ఏ పద్యం ఎత్తుకోగలరో, ఎవరికి ఎంత గొంతుందో, ఏ నటుడికి ఎన్ని పంక్తులు నోటికి వస్తాయో తెలుసుకుని రాయాలి. ప్రదర్శన తేదీ ముందే ఖాయమై ఉంటుంది. పందిరి వేసి, టిక్కెట్లు అమ్మిన తర్వాత మూడో అంకం ఇంకా పూర్తికాలేదంటే వినేవాడు ఉండడు. ఇక కార్యదర్శి అంటే బండి ఖర్చుల నుంచి నటుల అలకల దాకా అన్నీ తలకెత్తుకునేవాడు. ఏ వేషధారి రాకపోతే ఆట ఆగిపోతుందో, ఎవరి ఆలస్యం వల్ల ఎంత డబ్బు పోతుందో అతనికే ముందు తెలుస్తుంది.

అంటే పింగళి రాసి ఇచ్చే చోటా కూర్చున్నారు, రాయించుకునే చోటా కూర్చున్నారు. రచయితల్లో ఈ రెండో కుర్చీ ఎక్కినవాళ్ళు అరుదు. పని ఇచ్చినవాడి కంగారు కేవలం ధనమదం కాదనీ, అతని వెనక కూడా అప్పులూ తేదీలూ ఉంటాయనీ అక్కడ కూర్చున్నవాడికే తెలుస్తుంది.

సినిమా మాత్రం ఆయన్ను అంత త్వరగా రానివ్వలేదు. 1941లో భలే పెళ్ళి అనే చిత్రానికి రాశారు. అది దారి చూపలేదు. యుద్ధకాలంలో ఫిల్ము కరువై నిర్మాణాలే తగ్గిపోయాయి. బందరుకు తిరిగి వచ్చేశారు. యుద్ధం ముగిశాక వింధ్యరాణి నాటకాన్ని సినిమా తీస్తామంటే మళ్ళీ మద్రాసు వెళ్ళారు. అది 1948లో సి. పుల్లయ్య దర్శకత్వంలో విడుదలైంది. పెద్దగా ఆడలేదు. అప్పటికి పింగళి వయసు 46 దాటింది. పెళ్ళి చేసుకోలేదు. చేతిలో ఒక ఆడని సినిమా, వెనక ఇరవై ఏళ్ళ నాటకానుభవం. మద్రాసులో అలాంటివాళ్ళు వీధికి ఒకరుండేవారు.

ఆ దశలో ఆయన్ను దర్శకుడు కె.వి. రెడ్డికి దగ్గర చేసినవాడు కమలాకర కామేశ్వరరావు. ఆయనా బందరువాడే, కృష్ణాపత్రికలో సినిమా సమీక్షలు రాసి పేరు తెచ్చుకుని కె.వి. దగ్గర పనిచేస్తున్నవాడు. కె.వి. అప్పటికే భక్త పోతన, యోగి వేమన తీసిన దర్శకుడు. ఆ రెంటికీ రాసిన సముద్రాల రాఘవాచార్య చేతినిండా ఇతర సంస్థల పనులున్నాయి. కె.వి.కి కొత్త రచయిత కావాలి. షేక్‌స్పియర్ కింగ్ లియర్ ఛాయలున్న జానపద కథ గుణసుందరి కథ పింగళి చేతికి వచ్చింది. 1949 చివర్లో వచ్చిన ఆ సినిమా హిట్టయింది. ఆ తర్వాత విజయా సంస్థ కోసం కె.వి. పాతాళభైరవి మొదలుపెట్టినప్పుడు రచయిత ఎవరన్న ప్రశ్నే రాలేదు.

మద్రాసులో పోయిన పనులు, పోయిన మనుషులు

పింగళి తీరు అర్థం కావాలంటే చుట్టూ ఏం జరుగుతుండేదో చూడాలి.

నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ తన పెద్ద చిత్రాలను తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి తీసేది. ఒక సెట్టు మీద ఇవాళ తెలుగు, ఆ వెంటనే తమిళం. తెలుగు సన్నివేశం కాగితం మీదికి రాకపోతే తమిళ రచయితా ఆగుతాడు, ఇద్దరు నటుల తేదీలూ పోతాయి, వాహినీ స్టూడియో ఫ్లోరు ఖాళీగా ఉంటుంది. ఒక్క మనిషి ఆలస్యం రెండింతల నష్టం. ఇక కె.వి. రెడ్డి సంగతి చెప్పనక్కరలేదు. స్క్రిప్టు పూర్తిగా సిద్ధమైతే తప్ప షూటింగు మొదలుపెట్టేవారు కాదు. ఏ సన్నివేశం ఎన్ని అడుగుల ఫిల్ము అవుతుందో ముందే గడియారం పట్టుకుని లెక్కగట్టే మనిషి. సెట్టు మీదికి వచ్చాక డైలాగు మార్చడమంటే ఆయనకు పడేది కాదు.

ఈ వాతావరణంలో మిస్సమ్మ ఉదంతం అందరికీ తెలిసిందే. కథానాయికగా ముందు భానుమతినే తీసుకున్నారు. కొన్ని రీళ్ళు తీశారు కూడా. వరలక్ష్మీ వ్రతం రోజున ఆమె సెట్టుకు ఆలస్యంగా రావడం, చక్రపాణి క్షమాపణ కోరడం, ముందే కబురు పంపాను కదా అని ఆమె ఒప్పుకోకపోవడం, చివరికి తీసిన రీళ్ళు పక్కన పడేసి సావిత్రిని పెట్టుకోవడం సినీ వర్గాల్లో తరచూ చెప్పుకునే కథనం. తప్పు ఎవరిదన్నది వేరే చర్చ. కబురు చేరకపోవడం ఆమె తప్పు ఎలా అవుతుందన్న ప్రశ్నకు ఇప్పటికీ బలముంది. కానీ భానుమతికి సొంత భరణీ స్టూడియో ఉంది, పాట ఉంది, రాత ఉంది, పంతం నిలుపుకోగల స్తోమత ఉంది. అందరికీ అది ఉండదు. ఆ ఒక్క వేషంతో సావిత్రి దశ తిరిగింది.

మాయాబజార్‌లో మరో మలుపు. సంగీత దర్శకుడిగా ముందు ఉన్నది సాలూరి రాజేశ్వరరావు. కొన్ని పాటలకు బాణీలు కట్టి, నడుమ తప్పుకున్నారు. మిగిలిన పని ఘంటసాల పూర్తిచేశారు. సాలూరి ప్రతిభ మీద ఎవరికీ సందేహం లేదు కాబట్టి విజయావాళ్ళు రెండేళ్ళలోనే అప్పు చేసి పప్పు కూడుకు ఆయన్నే పిలిచారు. కె.వి. మాత్రం తర్వాతి చిత్రాల్లో ఎక్కువగా పెండ్యాల వైపే వెళ్ళారు. వదిలివెళ్ళినవాణ్ణి సంస్థ క్షమించవచ్చు, పక్కన కూర్చుని పనిచేసినవాడు క్షమించడం కష్టం.

ఇక ఆత్రేయ. రాసే సమయానికి రాయకుండా నిర్మాతలకు చెమటలు పట్టించడంలో ఆయనకు సాటి లేరని ఆ రోజుల్లో ప్రతీతి. దాని మీద పుట్టిన ఛలోక్తులు ఆయన పాటలంత ప్రసిద్ధం. ఆయన కోసం హోటలు గదుల బయట ఎదురుచూపులు, కాగితం రాక ఆగిన రికార్డింగులు, అన్నీ కథలు కథలుగా చెప్పుకున్నారు. అయినా నిర్మాతలు ఆయన దగ్గరికే వెళ్ళారు. వెయ్యికి పైగా పాటలు రాయించుకున్నారు. ఆలస్యం చేసేవాడికి పని దొరకదనే సూత్రం ఆత్రేయ దగ్గర ఓడిపోయింది. అయితే ఆత్రేయ కథ చెప్పి తమ ఆలస్యాన్ని సమర్థించుకునేవాళ్ళు ఒకటి మరచిపోతారు. ఆయన చేసే పని ఇంకొకరు చేయలేరన్న నమ్మకం నిర్మాతకు ఉండేది. ఆ నమ్మకం లేని చోట పది రోజుల ఆలస్యం చాలు, పని ఇంకొకరి చేతికి పోవడానికి.

పింగళి ఈ ముగ్గురిలో ఎవరి దారీ కాదు. కె.వి. రెడ్డి వంటి లెక్కల మనిషి రెండు దశాబ్దాలకు పైగా ఆయనతో పనిచేశారంటే, కాగితం సమయానికి అందేదని వేరే సాక్ష్యం అక్కరలేదు. దానికంటే గమనించదగ్గది ఇంకొకటుంది.

అలగని మనిషి

1954లో విజయావారి చంద్రహారం వచ్చింది. కమలాకర కామేశ్వరరావుకు దర్శకుడిగా తొలి చిత్రం. మాటలు, పాటలు పింగళివి. భారీ ఖర్చుతో తీస్తే దారుణంగా దెబ్బతింది. సాధారణంగా ఇలాంటప్పుడు సినిమా లోకంలో మొదట బలయ్యేవాడు రచయిత. కథలో పస లేదన్న మాట అన్నిటికంటే సులువుగా అనగలిగే మాట.

ఆ తర్వాత ఏడాది మిస్సమ్మకు మాటలు చక్రపాణే రాసుకున్నారు. పాటలు మాత్రం పింగళికి ఇచ్చారు. అదే ఏడాదుల్లో కె.వి. రెడ్డి బయట తీసిన పెద్దమనుషులు, దొంగరాముడు చిత్రాలకు మాటలు రాసింది డి.వి. నరసరాజు. అంటే పాతాళభైరవి వంటి విజయం ఇచ్చిన మూడు నాలుగేళ్ళకే ఒకవైపు సంస్థ ఆయన్ను పాటలకు పరిమితం చేసింది, మరోవైపు ఆయన దర్శకుడు వేరే రచయితతో రెండు మంచి సినిమాలు తీశారు. అహం ఉన్న రచయిత ఇక్కడే విరిగిపోతాడు. కథ నాది కాకపోతే పాట రాయను అంటాడు. లేదా రాసి, ఆ మాటలు నావైతే ఇంకా బాగుండేవని నలుగురి ముందూ అంటాడు. ఆ మాట సాయంత్రానికి నిర్మాత చెవిన పడుతుంది. మద్రాసులో అందుకు ఎంతోసేపు పట్టేది కాదు.

పింగళి పాటలు రాశారు. ఆ పాటలు ఏ స్థాయివో తెలుగువాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. ఇంకొకరు అల్లిన కథలో, ఇంకొకరు రాసిన మాటల నడుమ, ఆ పాత్రలు తామే పాడుకుంటున్నట్టు ఇమిడిపోయాయి. పండితుడి భాష పక్కన పెట్టి, మధ్యతరగతి ఇంటి భాషలో కొంటెతనం పండించారు. 1962లో గుండమ్మ కథకూ ఇదే ఏర్పాటు. మాటలు నరసరాజు, పాటలు పింగళి. తన చోటులోకి వచ్చాడనుకోదగ్గ రచయిత పక్కనే ఆయన పేరు తెర మీద పడింది. ఫలితం ఇప్పటికీ టీవీలో ఏదో ఒక చానల్‌లో నడుస్తూనే ఉంటుంది.

చక్రపాణితో ఆయన పొందికకు ఇంకో మూలం కూడా ఉండవచ్చు. చక్రపాణి మదనపల్లె శానిటోరియంలో ఉండగా బెంగాలీ నేర్చుకుని శరత్ నవలలు తెలుగు చేసినవాడు. మిస్సమ్మకు మూలం కూడా బెంగాలీ కథే, రవీంద్రనాథ్ మైత్ర రాసిన హాస్యనాటకం. ఒకరు ఆసుపత్రి మంచం మీద, మరొకరు రైల్వే కొలువు చేసిన బెంగాల్ వైపు నుంచి, ఒకే సాహిత్యం దగ్గరికి చేరారు. కలిసి పనిచేసేవాళ్ళ మధ్య ఇలాంటివి చాలా పనులు చేస్తాయి, కాంట్రాక్టులో రాయరు గానీ.

1957లో మాయాబజార్ వచ్చింది. మధ్యలో ఖర్చుకు భయపడి విజయావాళ్ళు ఒక దశలో పక్కన పెట్టి మళ్ళీ చేపట్టిన సినిమా అది. పాండవుల కథలా కనిపిస్తూనే పాండవులు ఎక్కడా కనిపించని కథ. శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో లేదు, జనం నోట పుట్టిన కథ. ఆ కథకు అంతకుముందే తెలుగు తెర మీద రూపాలున్నాయి. పింగళి దానికి కొత్త మాటలు పుట్టించారు. ఘటోత్కచుడి కొలువులో రాక్షసులు తమదైన ఒక తెలుగు మాట్లాడతారు. చెప్పే తీరులోనే అర్థం తెలిసిపోయే తెలుగు. సొంత మాటలు పుట్టించే ధైర్యం నాటక కంపెనీలో ఇరవై ఏళ్ళు ప్రేక్షకుణ్ణి ఎదురుగా చూసినవాడికే ఉంటుంది. ఇక్కడే ఇంకొకటి చెప్పాలి. సాలూరి బాణీలు కట్టి వెళ్ళిపోయాక కూడా ఆ పాటలు సినిమాలో నిలిచాయి. సంగీత దర్శకుడు మారినా ఆ బాణీల మీద పింగళి రాసిన మాట చెక్కుచెదరలేదు.

ఆ తర్వాత పెళ్ళినాటి ప్రమాణాలు, మహాకవి కాళిదాసు, జగదేకవీరుని కథ, మహామంత్రి తిమ్మరుసు. కాళిదాసు, తిమ్మరుసు రెండూ కమలాకర కామేశ్వరరావు చిత్రాలు, రెంటికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. చంద్రహారం పోయిందని ఆ దర్శకుడూ ఈ రచయితా ఒకరి మీద ఒకరు నెపం వేసుకుని ఉంటే ఈ రెండు సినిమాలూ ఉండేవి కావు. వైఫల్యం తర్వాత ఎదుటివాడి గురించి ఏం మాట్లాడతామన్నది రాబోయే పనిని నిర్ణయిస్తుందని సినిమావాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలిసీ ఆగలేకపోతారు, అది వేరే సంగతి.

ఒకే చెట్టు నీడ

ఇంతవరకు చెబితే పింగళి జీవితం బుద్ధిమంతుడి కథలా ఉంటుంది. అలా వదిలేయడం ఆయనకు న్యాయం చేయడం కాదు.

లెక్క చూడండి. సినీరంగంలో పాతికేళ్ళకు పైగా ఉన్న పింగళి పనిచేసిన చిత్రాలు ముప్పై కూడా ఉండవు. సముద్రాల, ఆరుద్ర, ఆత్రేయ, కొసరాజు, దాశరథి, నారాయణరెడ్డి పేర్లు వారానికో పోస్టరు మీద కనిపిస్తున్న 1960ల్లో పింగళి పేరు ఏడాదికి ఒకటి రెండు సార్లు కనిపించేది. అవి కూడా దాదాపు అన్నీ ముగ్గురు మనుషుల చుట్టూ తిరిగేవి. కె.వి. రెడ్డి, విజయా అధిపతులు, కమలాకర కామేశ్వరరావు. కొత్త నిర్మాత ఇంటి మెట్లెక్కడం, నలుగురి కంట్లో పడడం, వచ్చిన ప్రతి కబురుకూ సరేననడం ఆయన తీరులో లేదు. పని ఇచ్చినవాడు వదులుకోని రచయితే, కొత్తగా ఎవరూ తలుపు తట్టని రచయిత కూడా అయ్యాడు. ఇది మంచితనమా, బద్ధకమా, స్వాభిమానమా అంటే మూడూ కావచ్చు. ఒక్కటి మాత్రం నిజం. ఒక సంస్థ మనిషి అని ముద్రపడ్డవాణ్ణి పిలవడానికి బయటివాడు జంకుతాడు. ఖాళీ లేదేమో అనుకుంటాడు, మన స్థాయికి దిగడేమో అనుకుంటాడు. ఎవరితోనూ తగువు పెట్టుకోకుండానే పని ఇచ్చేవాళ్ళను దూరం చేసుకునే పద్ధతుల్లో ఇదొకటి.

దాని ఫలితం 1960ల రెండో సగంలో తెలిసింది. 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధం దాకా బాగానే నడిచింది. 1965లో కె.వి. దర్శకత్వంలో విజయావాళ్ళు తీసిన సత్య హరిశ్చంద్ర ఆడలేదు. 1968లో ఉమా చండీ గౌరీ శంకరుల కథ ఇంకా దెబ్బతింది. అదే ఏడు వచ్చిన భాగ్యచక్రం కూడా నిలబడలేదు. మూడింటికీ దర్శకుడు ఒకడే, రచయిత ఒకడే. పౌరాణికాలూ జానపదాలూ చూసే ప్రేక్షకుడు నెమ్మదిగా సాంఘికాల వైపు జరిగిపోతున్నాడు. రంగు వచ్చింది, వేగం వచ్చింది. ఆ ప్రేక్షకుడి కోసం చిన్నవాళ్ళు రాస్తున్నారు. కె.వి. రెడ్డికి పని తగ్గింది. ఆయన నీడలో ఉన్న పింగళికీ తగ్గింది.

నిజానికి 1965లోనే విజయావారి సి.ఐ.డి. అనే సాంఘిక చిత్రానికి పింగళి పాటలు రాశారు, కె.వి. దానికి దర్శకుడు కాదు. అంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు. పదేళ్ళ ముందు మిస్సమ్మలో చూపించిన నేర్పుతో ఆయన సాంఘికాల్లో చాలా దూరం వెళ్ళి ఉండేవారు. ఆ పాటలు విన్నవాళ్ళెవరికీ అందులో సందేహం ఉండదు. కానీ వయసు అరవై దాటింది. ఇరవై ఏళ్ళప్పుడు ఖరగ్‌పూర్‌లో చేసిన పని, అంటే ఉన్నదాన్ని వదిలి కొత్తచోట అడుగుపెట్టడం, ఆ వయసులో అంత తేలిక కాదు.

చివరి పిలుపు పాత పరిచయం నుంచే వచ్చింది. పాతాళభైరవిలో తోటరాముడిగా తారాపథానికి ఎదిగిన ఎన్.టి. రామారావు, పని లేక ఉన్న కె.వి. రెడ్డికి శ్రీకృష్ణ సత్య చిత్రాన్ని అప్పగించారు. రచన పింగళిది. ఇరవై ఏళ్ళ కిందట ఒక రచయిత, ఒక దర్శకుడు కలిసి ఒక కుర్ర నటుడికి ఇచ్చిన వేషం, ఇద్దరికీ పని దొరకని రోజుల్లో పనిగా తిరిగి వచ్చింది.

ఆ సినిమా విడుదలను పింగళి చూడలేదు. 1971 మే 6న మద్రాసులో కన్నుమూశారు. శ్రీకృష్ణ సత్య ఆ ఏడాది డిసెంబరులో విడుదలైంది. మరుసటి ఏడు సెప్టెంబరులో కె.వి. రెడ్డి పోయారు. ఆ తర్వాత కూడా పింగళి పేరు తెర మీద మళ్ళీ ఒకసారి పడింది. 1977లో ఎన్.టి. రామారావు స్వీయ దర్శకత్వంలో నిర్మించిన చాణక్య చంద్రగుప్తకు మాటల రచయితగా.